కీ. శే. రఘుపతి వెంకయ్యనాయుడుగారి చరిత్రము



మన సంఘ వార్షిక మహాసభ యీ పర్యాయము కాజీపేటలో జరుగుచుండుటచే, ఈ సంచికకు ఎవరి చరిత్రమును వ్రాయుదునా యని కొంత యోచించితిని. కాజీపేట కూడలి యూరు. హైదరాబాదునుండి వచ్చు త్రోవయు, బలార్షా మీదుగా ఢిల్లీనుండి వచ్చు త్రోవయు, బెజవాడ మీదుగా చెన్నపట్టణమునుండి వచ్చు త్రోవయు నిచ్చట కలియుచున్నవి. 1929లో కాజీపేట బలార్షా మార్గము పూర్తియైన పిదపనే చెన్నపట్టణమునకును ఢిల్లీకిని ఈ సూటియైన రైలుదారి యేర్పడినది. ఒక దిక్కునుండి వచ్చినదానిని మరియొక దిక్కునకు పంపుటయు, ఎదురుగా వచ్చుదానికి సైతము త్రోవ యిచ్చుటయు కూడలికి ధర్మము. మన కులమున అట్టి కూడలివంటి జీవితమును గడపిన మహనీయులు రఘుపతి వెంకయ్యనాయుడుగారు. పాశ్చాత్య దేశముల చలనచిత్రములను మనవారి కన్నులకు చూపి, ఆ విద్యను తమ కుమారునిచే నేర్పించి తెప్పించి, మన భారతకథను మన చేతులతో తెరపై నిలిపినవారు వారే. తెలుగు చలనచిత్ర పితామహుడని లోకము వారిని కొనియాడుచున్నది. వారి పేరు విననివారు మనలో అరుదు. అయినను ఆ పేరునకై వారు చెల్లించిన మూల్యమెంతయో యెరిగినవారు సైతము అరుదే. అందుచేత వారి చరిత్రమును నాకు చేతనైనంతలో నిచ్చట విన్నవించుచున్నాను.

బాల్యము, చెన్నపట్టణ ప్రవేశము

వెంకయ్యనాయుడుగారు 1869వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జన్మించిరి. వారు పెరిగినది బందరున. బందరు ఆనాటికి పెద్ద రేవు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ఆ రేవున దిగి వర్తకము సాగించినవారే. మన కలంకారీ బట్టలు ఆ రేవునుండియే దూరదేశములకు పోయినవి. ఓడ యెక్కి పోవు సరకును, ఓడ దిగి వచ్చు సరకును చూచుచు పెరిగిన బాలునకు పరదేశపు వస్తువు వింతగా తోచునేకాని, వెరపు పుట్టింపదు.

చిన్ననాటినుండియు వారి చేతిలో చిత్రకళ కలదు. పదునేడేండ్ల ప్రాయమున, అనగా 1886, 87 ప్రాంతమున, వారు బ్రతుకుతెరువు వెదకికొనుచు చెన్నపట్టణము చేరిరి. మన ప్రాంతమున నిజాము రైలు సికిందరాబాదునుండి ఓరుగల్లు వరకు వచ్చినదియు 1886లోనే. అది బెజవాడకు చేరుటకు 1889 కావలసివచ్చెను. దేశమున నింకను పట్టాలు పరచుచున్న ఆ దినములలో, ఒక తెలుగు యువకుడు ఇల్లు విడిచి పట్టణమున నిలద్రొక్కుకొనుట సామాన్యమైన పనికాదు. వారు మొదట చిత్రలేఖనముచే జీవించి, క్రమముగా ఛాయాచిత్రకళ నభ్యసించి, మౌంటు రోడ్డున సొంత ఫోటో స్టూడియోను నెలకొల్పిరి.

ఆ కాలమున ఫోటో తీయుట యిప్పటివలె వ్రేలితో మీట నొక్కుటతో తీరునది కాదు. వెండి లవణములు పూసిన గాజుపలకను చీకటిగదిలో సిద్ధపరచి, ఎండ వెలుతురును చూచుకొని, కూర్చున్నవారిని కదలనీయక పట్టవలెను. పిదప రసాయనములలో ముంచి బొమ్మను తేల్చవలెను. వెలుతురు ఎచ్చటనుండి ఎంత పడవలెనో తెలిసినవాడే ఆ వృత్తిలో నెగ్గును. ఇరువది సంవత్సరములకు పైగా పట్టణమున గడపి వెంకయ్యగారు ఆ నేర్పును గడించిరి. దొరలు మెలగు మౌంటు రోడ్డున ఒక తెలుగువాని స్టూడియో నిలిచెననగా, పనితనములోని నాణ్యమే దానికి కారణమని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ స్థితిలో తృప్తిపడి యున్నచో, వారు సుఖముగా జీవించి, బిడ్డలకు ఆస్తి మిగిల్చి పోయియుందురు. మన సంచికలో వారి చరిత్రము వ్రాయవలసిన పనియు నుండెడిది కాదు.

మాటలాడు బొమ్మల యంత్రము

1895లో పారిసు నగరమున లూమియేరు సోదరులు చలనచిత్రములను ప్రదర్శించిరి. మరుసటి యేడే, 1896 జూలైలో, ఆ బొమ్మలు బొంబాయికి వచ్చినవి. పిదప కొందరు దొరలు చెన్నపట్టణమున అప్పుడప్పుడు వానిని చూపుచుండిరి. మనవారిలో ఈ వృత్తికి ముందుగా దిగినవారిలో తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి సామికన్ను విన్సెంటుగా రొకరు. ఆయన 1905లో ఒక ఫ్రెంచివానియొద్ద యంత్రమును కొని, గుడారము వేసికొని ఊరూర తిరుగ నారంభించెను. రైల్వే ఉద్యోగులకు నిలయమైన ఈ కాజీపేటలో ఆ మాట చెప్పుకొనుట మనకు ముచ్చటగనే యుండును.

1910 ప్రాంతమున వెంకయ్యగారి దృష్టి క్రోనోమెగాఫోను అను యంత్రముమీద పడెను. అది ఫ్రాన్సుదేశపు గోమాంటు కంపెనీవారు కల్పించినది. తెరపై బొమ్మ కదలుచుండగా, ప్రక్కనున్న గ్రామఫోను పలకనుండి పాటయో మాటయో దానికి సరిగా వినబడునట్లు రెండింటిని జతపరచుట అందలి విశేషము. సభ యంతటికి వినబడుటకై అదుముపట్టిన గాలిచే ధ్వనిని పెంచుదురు. ఒక్కొక్క చిత్రము కొలది నిమిషములకు మించదు. బొమ్మ ఒక క్షణము వెనుకబడినను పాటకును పెదవికిని పొత్తు కుదరదు. టాకీలు పుట్టుటకు ఇంచుమించు ఇరువది యేండ్లకు ముందే శబ్దమును బొమ్మతో కలుపుటకు జరిగిన ప్రయత్నమది.

ఆ యంత్రము వెల 30,000 రూపాయలు. ఆనాడు అది పెద్ద ధనవంతునకు సైతము భారమైన మొత్తము. వెంకయ్యగారు తమకు కూడు పెట్టుచున్న ఫోటో స్టూడియోను తాకట్టుపెట్టి దానిని కొనిరి. ఇరువది యేండ్ల కష్టార్జితమును, నలువదియేండ్లు దాటిన వయస్సున, జనులు మెచ్చుదురో మెచ్చరో తెలియని ఒక క్రొత్త వింతకై ఒడ్డుట మన పెద్దలెవ్వరును హర్షించు పనికాదు. ఇంట బంధువులు వలదని యుందురని మనము ఊహింపవచ్చును. కాని ఇరువది యేండ్లుగా నిలిచిన బొమ్మను పట్టిన చేతికి, కదలు బొమ్మను చూచినపుడు ఆశ పుట్టకుండుట యెట్లు?

వారు విక్టోరియా పబ్లికు హాలులోను, ఎస్ప్లనేడులో వేసిన గుడారములోను ప్రదర్శనము లిచ్చిరి. పిదప యంత్రమును వెంటగొని బెంగుళూరునకు, బెజవాడకు పోయిరి. సముద్రము దాటి సింహళమునకు, బర్మాదేశపు రంగూను, పెగూ పట్టణములకు సైతము పోయిరి. రంగూనున ఆనాడు రేవుపనులు చేసికొనుచు వేలకొలది తెలుగువారు బ్రతుకుచుండిరి. ఫ్రాన్సున పుట్టిన యంత్రమును చెన్నపట్టణమున కొని, బర్మాలోని జనులకు చూపించిన ఆ తెలుగువాని సాహసమును తలచినపుడు, ఆసియాఖండమున చలనచిత్రము వ్యాపించుటకు ఇట్టి త్రిమ్మరులే కాలువలైరని తెలియుచున్నది.

గెయిటీ శాల, అమెరికా చిత్రములు

యాత్రలనుండి తిరిగివచ్చిన పిదప వెంకయ్యగారు గుడారమును విడిచి కట్టడమునకు పూనుకొనిరి. 1914 నాటికి మౌంటు రోడ్డున గెయిటీ యను సినిమాశాల వెలసినది. చెన్నపట్టణమున ఒక భారతీయుడు సొంతముగా కట్టిన మొదటి సినిమాశాల యదియే. తరువాత మింటు వీథిలో క్రౌను, పురశవాకమున గ్లోబు అను శాలలను సైతము వారే నెలకొల్పిరి. మౌంటు రోడ్డు దొరలును, చదువుకొన్నవారును మెలగు చోటు. మింటు వీథి వర్తకులును, పనివారును నివసించు చోటు. ఉభయ తరగతులకును తెరను తెచ్చిన ఘనత వారిది.

శాలలు లేచినవి, వానిలో చూపుటకు చిత్రములు కావలెను. దేశమున అప్పటికి ఫాల్కేగారి చిత్రములు తప్ప లెక్కింపదగినవి లేవు. 1913లో వచ్చిన ఆయన రాజా హరిశ్చంద్రతోనే మన కథాచిత్రములకు నాంది కలిగెను. అంతవరకు ప్రపంచ విపణిలో ఫ్రెంచివారిది పైచేయి. 1914లో ఐరోపాయుద్ధము రాగా అచ్చటి స్టూడియోలు కుంటుపడినవి. ఆ సందున అమెరికావారు ప్రపంచమంతటను తమ చిత్రములను నింపిరి. యూనివర్సలు కంపెనీ 1916 ప్రాంతముననే మన దేశమున తన ఏజెన్సీని తెరచినది.

వెంకయ్యగారి శాలలో ప్రదర్శింపబడిన వానిలో మిలియన్ డాలర్ మిస్టరీ, బ్రోకెన్ కాయిన్, మిస్టరీస్ ఆఫ్ మైరా, పెగ్ ఓ ది రింగ్ అను ధారావాహిక చిత్రములు పేర్కొనదగినవి. ఇవి 1914, 1916 సంవత్సరముల నడుమ అమెరికాలో తీయబడినవి. బ్రోకెన్ కాయిన్ 22 భాగముల కథ. ప్రతి భాగము తుదను నాయకుడో నాయికయో ప్రాణాపాయమున చిక్కుకొనగా తెర చీకటియగును. తరువాతి భాగము వచ్చు వరకు ఊరంతయు ఆ మాటయే చెప్పుకొనును. రాత్రి రాత్రికి సాగు పురాణ కాలక్షేపమునకును, హరికథలకును అలవాటుపడిన మనవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచలేదు. ఎడ్డీ పోలో యను నటుని సాహసకృత్యములను చూచుటకు, ఇంగ్లీషు అక్షరము తెలియని బండివాండ్రు సైతము అణాలు చెల్లించి నేలపై కూర్చుండిరి. మూకచిత్రమునకు భాష యడ్డు లేదు. పరుగునకును, పడుటకును, గుఱ్ఱపు దౌడునకును అనువాదకు డేల?

ఇట్లు అమెరికా చిత్రము మనవారి వినోదమున భాగమైనది. అయితే ఇందొక చేదు కలదు. ఆ చిత్రములలో తూర్పుదేశపువాడు తెరపైకి వచ్చినచో, తరచుగా మంత్రగాడుగనో, క్రూరుడైన రాజుగనో, మోసగాడుగనో వచ్చుచుండెను. 1915లో సిసిల్ డి మిల్లు తీసిన ది చీట్ అను చిత్రమున సెస్యూ హయకావా యను జపానుదేశీయుడు నటించి మిక్కిలి పేరొందెను. ఆ పాత్ర దుష్టుడైన జపానీయునిది. జపానీయులు ఆక్షేపింపగా, 1918లో ఆ చిత్రమును మరల విడుదల చేయునపుడు ఆ పాత్రను బర్మాదేశీయునిగా మార్చిరి. ఆక్షేపించు బలము కలవారు తప్పించుకొనిరి. ఆ బలము లేని బర్మావారి నెత్తిన నింద పడినది. వెంకయ్యగారు గుడారము వేసికొని బొమ్మలు చూపివచ్చిన బర్మా యదియే. హయకావా ఆ 1918లోనే హాలీవుడ్డున సొంత కంపెనీని స్థాపించి, తన జాతికి తగిన పాత్రలను తానే కల్పించుకొనుటకు పూనెను. ఇతరులు చూపిన అద్దములో తమ ముఖము వంకరగా కనబడినపుడు, సొంత అద్దమును పోతపోసికొనవలెనను తలంపు ఆసియావాసులకు పలుచోట్ల ఇంచుమించు ఒక్కసారియే కలిగినట్లున్నది.

స్టార్ ఆఫ్ ది ఈస్టు

వెంకయ్యగారి కుమారుడు సూర్యప్రకాశరావుగారు, లోకమునకు ఆర్. యస్. ప్రకాశ్. పరదేశపు బొమ్మలను ఎంతకాలము చూపినను మన విద్య కాదని తలచి, తండ్రి ఆ కుమారుని చిత్రనిర్మాణము నేర్చుకొనుటకై సీమకు పంపిరి. లండను చెంత ఈలింగునందలి బార్కరు కంపెనీలో ఆయన అభ్యాసము చేసెను. పిదప ఐరోపా దేశములను, అమెరికాను దర్శించి, అచ్చటి పనితీరును కన్నులార చూచి, చిత్రములు తీయు కెమెరాతో తిరిగివచ్చెను. బిడ్డలను బారిష్టరులుగనో, సర్కారు ఉద్యోగులుగనో చూడగోరి సీమకు పంపిన తండ్రులు ఆనాడు పెక్కుమంది. సంసారులు చిన్నచూపు చూచు సినిమా విద్యకై కుమారుని సముద్రము దాటించిన తండ్రి మాత్రము వెంకయ్యగారే యని చెప్పవచ్చును.

తండ్రి కొడుకులు కలిసి స్టార్ ఆఫ్ ది ఈస్టు, అనగా తూర్పుచుక్క, అను పేర కంపెనీని స్థాపించిరి. పురశవాకమున వారు కట్టిన స్టూడియోను జనులు గాజు స్టూడియో యని పిలిచిరి. ఆనాటి ఫిలిమునకు మెండైన వెలుతురు కావలెను. విద్యుద్దీపములు చాలవు, ఎండ నేరుగా పడినచో ముఖములపై నీడలు కరకుగా నుండును. అందుచే పైకప్పును గాజుతో వేసి, అవసరమైనచోట పలుచని బట్టలు కట్టి, ఎండను మెత్తపరచి వాడుకొందురు. కెమెరాను చేతితో త్రిప్పవలెను. ఫిలిములో అడుగునకు 16 బొమ్మలు. క్షణమునకు 16 బొమ్మల వంతున త్రిప్పినచో 1,000 అడుగుల చుట్ట పదునేడు నిమిషములలోపుననే ముగియును. చేయి తొట్రుపడినచో తెరమీది మనిషియు తొట్రుపడును. ఆ ఫిలిము సైతము పరదేశమునుండి దిగుమతి కావలసినదే. కథ మనది, నటులు మనవారు, ఎండ మనది. ముడిసరకు మాత్రము పరులది.

1921లో ఆ కంపెనీ భీష్మప్రతిజ్ఞ యను మూకచిత్రమును విడుదల చేసెను. దర్శకులు ప్రకాశ్‌గారు; భీష్ముని పాత్రయు వారిదే. మన స్త్రీలు తెరపైకి వచ్చుటకు జంకిన కాలమగుటచే గంగ వేషమును పెగ్గీ క్యాస్టెల్లో యను తెల్లజాతి వనిత ధరించెను. గంగామాత పాత్రను పరజాతి స్త్రీ ధరింపగా, సీమలో విద్య నేర్చిన తెలుగువాడు భీష్ముడై నిలిచెను. తెలుగువారు తీసిన మొదటి కథాచిత్రమిదే. తండ్రి సుఖమునకై కుమారుడు తన సర్వస్వమును విడుచుట భీష్ముని కథ. ఈ చిత్రము వెనుక జరిగిన కథ దానికి తలక్రిందులు. కుమారుని విద్యకై, ఆ విద్య దేశమున పాదుకొనుటకై, తండ్రియే తన సర్వస్వమును ఒడ్డెను. ఆ తరువాత గజేంద్రమోక్షము మొదలైన చిత్రములు మరికొన్ని ఆ స్టూడియోనుండి వెలువడినవి.

నష్టము, తుదిదినములు

ఇచ్చట మన మొక సత్యమును దాచిపెట్టక చెప్పుకొనవలెను. సంచికలలో మన పెద్దల విజయములను మాత్రమే వ్రాసికొనుట వాడుక. వెంకయ్యగారి చరిత్రము విజయముతో ముగియలేదు. స్టూడియో కొలది యేండ్లకే మూతపడినది. శాలలును అప్పుల పాలై చేతులు మారినవి.

వారికి తెలివి తక్కువై యిట్లు జరిగెననుట న్యాయము కాదు. ఇందలి లెక్కను కాస్త విచారింపుడు. అమెరికాలో ఒక చిత్రమును తీసినచో, ఆ దేశమునందలి వేలకొలది శాలలలోనే పెట్టుబడి తిరిగివచ్చును. మన దేశమునకు వచ్చు ప్రతి ఆ పిదపది. కావున స్వల్పమైన బాడుగకే దొరకును. శాల యజమానికి లాభము మిగులును. చెన్నపట్టణమున తీసిన చిత్రమునకు అట్టి వెనుకబలము లేదు. దాని వ్యయమంతయు ఇచ్చటి కొలది శాలలలోను, తిరుగుడు గుడారములలోను, అణాలరూపమున వసూలు కావలెను. వెంకయ్యగారు ఒక చేత అమెరికా చిత్రమును చూపి గడించుచు, మరియొక చేత స్వదేశచిత్రమును తీసి పోగొట్టుకొనిరి. ప్రదర్శకుడుగనే యుండిపోయినచో వారు శ్రీమంతులై యుందురు. నిర్మాతయగుటచేతనే ఋణగ్రస్తులైరి.

ఈ చిక్కు వారి యొక్కరిదే కాదని పిదప సర్కారువారి విచారణలోనే తేలినది. 1927లో హిందూదేశ ప్రభుత్వము చెన్నపట్టణపు న్యాయవాది దివాను బహదూరు టి. రంగాచారిగారి అధ్యక్షతన సినిమా విచారణ సంఘము నొకదానిని నియమించెను. దేశమున ప్రదర్శింపబడు చిత్రములలో అధికభాగము పరదేశములవనియు, వానిలో అమెరికావే మెండనియు ఆ సంఘము 1928లో నివేదించెను. అమెరికా చిత్రమును తగ్గించి ఇంగ్లీషు చిత్రమునకు పీట వేయవలెనని ఆంగ్లేయుల ఆశ. సంఘమునందలి మనవారు దానికి ఒప్పుకొనక, సాయము చేయదలచినచో స్వదేశ నిర్మాతలకే ఋణములిచ్చి సాయపడవలెనని సూచించిరి. ఆ సూచనలు కాగితములపైననే నిలిచిపోయినవి. అవి అమలు జరిగినను, అప్పటికే చితికిపోయిన వెంకయ్యగారికి ఫలము అందెడిది కాదు.

1932లో భక్తప్రహ్లాద తెలుగున మాటలాడినది. శబ్దమును బొమ్మతో కలుపుటకై 30,000 రూపాయలు ఒడ్డిన పెద్ద ఆనాటికి అరువది రెండేండ్ల వృద్ధు. తెరపై తెలుగుమాట వినబడు కాలమును వారు జీవించి చూచిరి. ఆ సంపదలో మాత్రము వారికి భాగము లేకపోయెను. 1941 మార్చి 15వ తేదీన వారు పరమపదించిరి. వారు నెలకొల్పిన శాలలు మూడింటిలో ఒక్కటియు నేడు సినిమాశాలగా నిలిచి యుండలేదు.

వారు వేసిన విత్తనము

అయినను వారి కృషి వ్యర్థమని చెప్పరాదు. కుమారుడు ప్రకాశ్‌గారు మూకచిత్రముల కాలముననేగాక టాకీల కాలమునను దర్శకులై పనిచేసిరి. ఆ తండ్రి కొడుకుల చెంత మెళకువలు గ్రహించిన చిత్తజల్లు పుల్లయ్యగారు కాకినాడలో చిత్రము తీసి, 1934లో లవకుశతో తెలుగుదేశము నుఱ్ఱూతలూపిరి. విద్య ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోయినదిగాని చావలేదు.

రాకపోకలును నిలువలేదు. 1935లో ఎల్లిస్ డంగన్ అను అమెరికా యువకుడు, కాలిఫోర్నియాలో తనతో చదువుకొన్న మిత్రుడు మాణిక్‌లాల్ టాండన్ వెంట మన దేశమునకు వచ్చెను. అరవభాష తెలియకయే 1936లో సతీలీలావతిని, తరువాత యం. యస్. సుబ్బులక్ష్మిగారు నటించిన శకుంతలై, మీరా చిత్రములను తీసి, 1950 వరకు చెన్నపట్టణమున పనిచేసెను. తెలుగువాడు విద్యకై పడమటికి పోయిన పదునైదేండ్లకు, పడమటివాడు పనికై చెన్నపట్టణమునకు వచ్చెను.

కాజీపేటకు పొరుగుననున్న కరీంనగరమున 1909లో జన్మించిన పైడి జైరాజుగారు మూకచిత్రముల నాడే బొంబాయి చేరి కథానాయకులై, 1966లో అమెరికావారు తీసిన మాయా యను చిత్రమున నటించిరి. వారికి 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించినది. ఇక 2023 మార్చిలో అమెరికాలోని ఆస్కారు సభయందు, ఆర్.ఆర్.ఆర్. చిత్రములోని నాటు నాటు పాటకు సంగీతకర్త కీరవాణిగారును, గీతకర్త చంద్రబోస్‌గారును బహుమతి నందుకొనిరి. ఆ గీతకర్త జన్మస్థలము పూర్వపు వరంగల్లు జిల్లాలోని చల్లగరిగ గ్రామము. గెయిటీ శాలలో నేలపై కూర్చుండి అమెరికావాని గుఱ్ఱపు దౌడును చూచి మనవారు చప్పట్లు కొట్టిన నాటికిని, మన పల్లెవాని పాటకు అమెరికావారు లేచి చప్పట్లు కొట్టిన నాటికిని నడుమ నూరేండ్లు గడచినవి. ఆ నూరేండ్ల బాటలో మొదటి రాళ్ళు పరచినవారు వెంకయ్యగారు.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1980లో వారి పేర పురస్కారము నేర్పరచి, మొదట ఎల్. వి. ప్రసాదుగారి కిచ్చి గౌరవించెను. తెలంగాణ ప్రభుత్వము 2025లో ప్రదానము చేసిన గద్దర్ చలనచిత్ర పురస్కారములలోను వారి పేరిటి పురస్కారము కలదు.

మనము గ్రహింపవలసినది

సోదరులారా, ఈ చరిత్రమును చదివి మన కులమున ఇట్టివాడు పుట్టెనని మీసము దువ్వుకొనుటతో తృప్తిపడితిమేని, ఆ మహనీయునకు న్యాయము చేసినవారము కాము. స్టూడియోను తాకట్టుపెట్టిన దినమున వారి వెనుక ఎవరు నిలిచిరి? ఋణదాతలు శాలలను పట్టుకొన్న దినమున వారి పక్షమున ఎందరు నిలిచిరి? ఈ ప్రశ్నలు మనకు మనము వేసికొనదగినవి. విజయము పొందినవానికి మాలలు వేయుటకు అందరును వత్తురు. క్రొత్త విద్యకై ఆస్తి నొడ్డినవాడు క్రుంగినపుడు చేయి యందించుటకే సంఘములు కావలెను.

నేడును మన బిడ్డలలో కొందరు, పెద్దలకు బోధపడని విద్యలను కోరి దూరదేశములకు పోదుమనుచున్నారు. వారందరును నెగ్గుదురని ఎవరును చెప్పజాలరు. నెగ్గినవారికి బహుమతు లిచ్చుటకు మన విద్యానిధి యున్నది. పోరాడి ఓడి తిరిగివచ్చినవారిని నిలువబెట్టుటకు సైతము దానిలో కొంత భాగమును వేరుగ నుంచవలెనని పోషక మహాశయులను వినయముతో వేడుచున్నాను. వెంకయ్యగారికి ఆనాడు అట్టి యాధార మున్నచో, తూర్పుచుక్క అంత త్వరగా అస్తమించి యుండెడిది కాదేమో.

కాజీపేట జంక్షనులో దిగి ఈ సభకు వచ్చిన మీరందరును, రేపు తిరుగు రైలునకై నిలుచున్నపుడు, వచ్చు బండినేగాక పోవు బండిని సైతము ఒకమారు చూడుడు. రెంటికిని త్రోవ యిచ్చుటకు ఎవరో ఒకప్పుడు ఎండలో పట్టాలు పరచిరి. కీర్తిశేషులు వెంకయ్యనాయుడుగారి ఆత్మకు శాంతియు, మన సంఘమునకు అభివృద్ధియు కలుగుగాక.